బొగ్గుగని పట్టణం - రగ్బీ లీగ్ క్రీడ: ఫెదర్‌స్టన్ రోవర్స్ చరిత్రలో శ్రామికుని కాలం విలువ

వ్యాససంగ్రహం

ఇంగ్లండులోని వెస్ట్ యార్క్‌షైర్ ప్రాంతానికి చెందిన ఫెదర్‌స్టన్ ఒక చిన్న బొగ్గుగని పట్టణం. 1902లో ఇక్కడ ఏర్పడిన ఫెదర్‌స్టన్ రోవర్స్ రగ్బీ లీగ్ క్లబ్బు మూడుసార్లు ఛాలెంజ్ కప్పునూ, ఒకసారి లీగ్ విజేత స్థానాన్నీ సాధించింది. ఈ క్లబ్బు చరిత్రను కేవలం జయాపజయాల పట్టికగా కాక, ఆట కోసం శ్రామికుడు వెచ్చించే కాలానికి మూల్యం ఎవరు చెల్లించాలి అనే ప్రశ్నకు లభించిన వేర్వేరు సమాధానాల చరిత్రగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రగ్బీ లీగ్, ఫెదర్‌స్టన్ రోవర్స్, నార్తర్న్ యూనియన్, బొగ్గుగని కార్మికులు, క్రీడాచరిత్ర, శ్రామికవర్గం.

1. ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర చాలాకాలం వరకు విజేతల పేర్లకూ, గణాంకాలకూ పరిమితమైంది. ఎవరు ఆడారు అనే విషయానికి దక్కిన ప్రాధాన్యం, ఆడడానికి వారికి తీరిక ఎలా దొరికింది అనే విషయానికి దక్కలేదు. ఇంగ్లండులో రగ్బీ రెండుగా చీలిపోయిన వైనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండవ ప్రశ్నే ఆధారం.

కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేతబట్టి, ప్రత్యర్థులను దాటుకొని, అవతలి గీత వెనుక నేలకు ఆనించడం రగ్బీ క్రీడలోని ప్రధానాంశం. దీనినే 'ట్రై' అంటారు. ఈ ఆటలో ప్రస్తుతం రెండు శాఖలున్నాయి. జట్టుకు 15 మంది ఆడేది రగ్బీ యూనియన్, 13 మంది ఆడేది రగ్బీ లీగ్. ఈ విభజనకు మూలం ఆట నియమాల్లో లేదు, కూలి డబ్బుల వివాదంలో ఉంది. ఎరిక్ డనింగ్, కెనెత్ షియర్డ్‌లు 1979లో ప్రచురించిన 'బార్బేరియన్స్, జెంటిల్మెన్ అండ్ ప్లేయర్స్', టోనీ కాలిన్స్ 1998లో వెలువరించిన 'రగ్బీస్ గ్రేట్ స్ప్లిట్' గ్రంథాలు ఈ చీలికను వర్గ సంబంధాల నేపథ్యంలో విశ్లేషించాయి. ఆ దృష్టిని ఒకే పట్టణానికి, ఒకే క్లబ్బుకు అన్వయించి చూసినప్పుడు స్పష్టమయ్యే అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. 1893 సెప్టెంబర్: రెండు ఘటనలు

ఫెదర్‌స్టన్ పట్టణం వేక్‌ఫీల్డ్, పాంటిఫ్రాక్ట్ పట్టణాల మధ్య ఉంది. పందొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్ధంలో బొగ్గుగనుల వల్ల ఈ ఊరు పెరిగింది. 1893 వేసవిలో గని యజమానులు ప్రాతిపదిక వేతన రేట్లపై 25 శాతం కోత ప్రతిపాదించారు. గని కార్మికుల సమాఖ్య అంగీకరించకపోవడంతో లాకౌట్ మొదలైంది. సుమారు 3 లక్షల మంది కార్మికులు పనికి దూరమయ్యారు.

ఫెదర్‌స్టన్‌లోని యాక్టన్ హాల్ గని లార్డ్ మాషమ్ అనే మిల్లు యజమానిది. గనిలో నిల్వ ఉన్న బొగ్గును బండ్లకెత్తించి తరలిస్తున్నారని తెలిసి కార్మికులు అడ్డుకున్నారు. ఆ వారంలో డాంకాస్టర్ గుర్రప్పందేల బందోబస్తుకు పోలీసులు పెద్ద సంఖ్యలో వెళ్లి ఉండడంతో అధికారులు సైన్యాన్ని పిలిపించారు. సెప్టెంబర్ 7వ తేదీ రాత్రి మేజిస్ట్రేటు అల్లర్ల నిరోధక చట్టాన్ని చదివి వినిపించిన తరువాత సౌత్ స్టాఫర్డ్‌షైర్ దళం కాల్పులు జరిపింది. జేమ్స్ గిబ్స్, జేమ్స్ డగ్గన్ అనే ఇద్దరు యువకులు మరణించారు. పలువురు గాయపడ్డారు. ప్రభుత్వం లార్డ్ బోవెన్ అధ్యక్షతన నియమించిన విచారణ సంఘం సైనికుల చర్య చట్టబద్ధమేనని తేల్చింది. మృతుల కుటుంబాలకు చెరి 100 పౌండ్లు అందాయి. నాటి హోం మంత్రి ఆస్క్విత్ ప్రధానమంత్రి అయిన తరువాత కూడా సభల్లో ఫెదర్‌స్టన్ పేరుతో నిలదీతలు ఎదుర్కొన్నాడు.

ఈ కాల్పులు జరిగిన 13 రోజులకు, సెప్టెంబర్ 20న, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ హోటల్‌లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ సర్వసభ్య సమావేశం జరిగింది. మ్యాచ్ కోసం పని మానుకొన్న ఆటగాడికి, నిజంగా కోల్పోయిన కూలి మేరకు పరిహారం ఇవ్వడానికి అనుమతించాలని యార్క్‌షైర్ ప్రతినిధి జేమ్స్ మిల్లర్ ప్రతిపాదించాడు. దీనినే 'బ్రోకెన్ టైమ్' చెల్లింపు అనేవారు. తెలుగులో 'పనికోత పరిహారం' అనుకోవచ్చు. అనుకూలంగా 136, వ్యతిరేకంగా 282 ఓట్లు రావడంతో ప్రతిపాదన వీగిపోయింది.

ఈ రెండు ఘటనలలో ఒకటి మరొకదానికి కారణం కాదు. లండన్ సమావేశంలో ఓటు వేసినవారు ఫెదర్‌స్టన్‌ను దృష్టిలో పెట్టుకొని ఓటు వేయలేదు. అయితే రెండుచోట్లా వివాదం ఒక్కటే. శ్రామికుని రోజుకు ఎంత విలువ కట్టాలి, ఆ విలువను నిర్ణయించే అధికారం ఎవరిది అనేదే ఆ వివాదం. గని యజమాని పనిచేసిన కాలానికి కూలి తగ్గించాలన్నాడు. క్రీడాసంఘం ఆడిన కాలానికి కూలి ఇవ్వరాదన్నది. శనివారం మధ్యాహ్నం వరకు గనిలోనో మిల్లులోనో పనిచేసే ఆటగాడు దూరప్రాంతంలో మ్యాచ్ ఆడాలంటే ఆ పూట కూలి వదులుకోక తప్పదు. ఆస్తిపరుడికి ఆ నష్టం లేదు. కాబట్టి 'డబ్బు ఆశించకుండా ఆడాలి' అనే నియమం పైకి అందరికీ సమానంగా కనిపించినా, దాని భారం ఒక వర్గంపైనే పడింది.

3. నార్తర్న్ యూనియన్: పరిమితులతో కూడిన ప్రత్యామ్నాయం

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై నార్తర్న్ యూనియన్‌ను స్థాపించారు. 22 క్లబ్బులతో తొలి సీజన్ మొదలైంది. పనికోత పరిహారం రోజుకు 6 షిల్లింగులుగా నిర్ణయమైంది. 1897లో లైనౌట్ రద్దయింది. 1906లో ఆటగాళ్ల సంఖ్య 15 నుంచి 13కు తగ్గింది. 1922లో ఈ సంస్థ రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌గా పేరు మార్చుకుంది.

నార్తర్న్ యూనియన్‌ను కార్మికోద్యమ సంస్థగా భావించడం పొరపాటు. దాని నాయకత్వంలో వ్యాపారులు, పారిశ్రామికవేత్తలు ఎక్కువ. 1898లో ఆటకు బహిరంగంగా ప్రతిఫలం ఇవ్వడాన్ని అనుమతించినప్పుడు కూడా, ఆటగాడికి వేరే సక్రమమైన ఉద్యోగం ఉండి తీరాలనే నిబంధన పెట్టారు. సారాయి దుకాణంలో పనిచేయడం, బిలియర్డ్స్ బల్ల దగ్గర లెక్క చూడడం వంటివి ఆ నిబంధన ప్రకారం ఉద్యోగాలు కావు. 1905 వరకు ఈ నియమం కొనసాగింది. అంటే శ్రామికుడు ఆడవచ్చు, డబ్బు తీసుకోవచ్చు, కానీ శ్రామికుడిగా మాత్రం ఉండి తీరాలి. తరువాతి కాలంలో ఈ నిబంధన పోయినా, దాని వెనుక ఉన్న జీవనరీతి ఫెదర్‌స్టన్ వంటి ఊళ్లలో మరో ఎనభై ఏళ్లు నిలిచింది.

4. క్లబ్బు ఆవిర్భావం

కాల్పులు జరిగిన తొమ్మిదేళ్లకు, 1902లో, పట్టణంలోని రైల్వే హోటల్ కేంద్రంగా ఫెదర్‌స్టన్ రోవర్స్ క్లబ్బు ఏర్పడింది. దాదాపు రెండు దశాబ్దాలు స్థానిక స్థాయి పోటీల్లో ఆడిన తరువాత 1921లో నార్తర్న్ యూనియన్ ప్రధాన పోటీల్లో స్థానం పొందింది. పోస్టాఫీస్ రోడ్డులోని మైదానం క్లబ్బుకు నివాసమైంది. ఈ చిన్న పట్టణం లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, హల్ వంటి నగరాల క్లబ్బులతో సమాన హోదాలో తలపడడం మొదలైంది. క్లబ్బుకు 'కోలియర్స్' అనే వ్యవహారనామం ఉంది. బొగ్గుగని కార్మికులు అని దాని అర్థం.

క్లబ్బు గురించి ఒక లోకోక్తి ప్రచారంలో ఉంది. జట్టుకు బలిష్ఠుడైన ఫార్వర్డ్ ఆటగాడు కావాలంటే గని బావి దగ్గర నిలబడి కిందికి ఒక కేక వేస్తే చాలు, ఒకడు పైకి వస్తాడట. ఇతర గని పట్టణాల విషయంలోనూ ఈ మాట వినిపిస్తుంది. ఊరి గర్వం ఇందులో స్పష్టం. అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. బొగ్గులాగే ఆటగాడు కూడా భూగర్భంలో తరగకుండా దొరికే ముడిసరుకు అనే భావన ఈ మాటలో ఇమిడి ఉంది. గని ఉన్నంతకాలం జట్టుకు కొరత లేదు అనే ధీమా, గని మూతపడే రోజు గురించిన ఆలోచనకు చోటివ్వలేదు.

5. 'కోల్ ఈజ్ అవర్ లైఫ్': ఒక సామాజిక అధ్యయనం

1950వ దశకం తొలి సంవత్సరాల్లో నార్మన్ డెనిస్, ఫెర్నాండో హెన్రిక్స్, క్లిఫర్డ్ స్లాటర్ అనే పరిశోధకులు ఫెదర్‌స్టన్‌లో క్షేత్ర పరిశోధన చేశారు. 1956లో అది 'కోల్ ఈజ్ అవర్ లైఫ్' పేరుతో గ్రంథంగా వెలువడింది. అందులో పట్టణానికి 'ఆష్టన్' అనే మారుపేరు పెట్టారు. బ్రిటిష్ సామాజికశాస్త్రంలో ఒక శ్రామిక సముదాయంపై వచ్చిన ప్రసిద్ధ అధ్యయనాలలో ఇది ఒకటి.

పనికీ తీరికకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఈ గ్రంథం పరిశీలించిన తీరు క్రీడాచరిత్రకారులకు ముఖ్యమైనది. గనిలో కలిసి పనిచేసినవారే సాయంత్రం క్లబ్బులో కలుస్తారు, వారే శనివారం మైదానం గట్టున నిలబడతారు. ప్రమాదకరమైన పనిలో ఒకరిపై ఒకరు ఆధారపడే అలవాటు, శరీరబలానికీ తెగువకూ ఇచ్చే గౌరవం మైదానంలోనూ కొనసాగాయి. ఆటగాడూ ప్రేక్షకుడూ ఒకే షిఫ్టులో దిగే మనుషులు కావడం వల్ల వారి మధ్య తారకూ అభిమానికీ మధ్య ఉండే దూరం లేదు.

ఈ అధ్యయనంపై విమర్శలూ ఉన్నాయి. సముదాయాన్ని మార్పులేనిదిగా చిత్రించిందనీ, స్త్రీల జీవితాన్ని ప్రధానంగా పురుషుల పని, తీరికల చుట్టూనే చూసిందనీ తరువాతి పరిశోధకులు ఆక్షేపించారు. ఈ విమర్శ క్రీడాచరిత్రకూ వర్తిస్తుంది. పొద్దంతా గనిలో ఉన్న మనిషి సాయంత్రం సాధనకు వెళ్లాడంటే, ఆ సమయాన ఇంటి పని మొత్తం మరొకరు మోసినట్లే. పనికోత పరిహారం గురించిన సుదీర్ఘ చర్చల్లో ఆ స్త్రీల కాలానికి ఎవరూ లెక్క కట్టలేదు.

6. వెంబ్లీ విజయాలు, ఆటగాళ్లు

ఛాలెంజ్ కప్పు రగ్బీ లీగ్‌లో అత్యంత ప్రతిష్ఠాత్మకమైన పోటీ. 1929 నుంచి దాని ఫైనల్ లండన్‌లోని వెంబ్లీ మైదానంలో జరగడం ఆనవాయితీ అయింది. ఉత్తరాది శ్రామిక పట్టణాలు ఏడాదికొకసారి రాజధానికి తరలివెళ్లే సందర్భమిది. ఫెదర్‌స్టన్ 1952లో తొలిసారి వెంబ్లీ చేరింది. ఎరిక్ బాటెన్ సారథి, శిక్షకుడు కూడా. వర్కింగ్టన్ టౌన్ చేతిలో 18-10తో ఓడిపోయింది. ఈ ఫైనల్ టెలివిజన్‌లో ప్రసారం కావడం గమనార్హం. నాలుగు దశాబ్దాల తరువాత ఇదే టెలివిజన్ క్లబ్బు భవితవ్యాన్ని శాసించింది.

1967లో బారో జట్టుపై 17-12తో గెలిచి క్లబ్బు మొదటిసారి కప్పు సాధించింది. ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ కార్ల్ డూలర్‌కు లభించింది. 1973లో పీటర్ ఫాక్స్ శిక్షణలో, జాన్ న్యూలవ్ నాయకత్వంలో బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్‌ను 33-14తో ఓడించింది. ఆ రోజు సిరిల్ కెల్లెట్ గోల్ కోసం తన్నిన 8 ప్రయత్నాలూ సఫలమయ్యాయి. ట్రోఫీ స్టీవ్ నాష్‌కు దక్కింది. అంతకు ముందు ఏడాది ప్రపంచకప్పు గెలిచిన గ్రేట్ బ్రిటన్ జట్టులో నాష్ సభ్యుడు. 1976-77లో క్లబ్బు లీగ్ విజేతగా నిలిచింది.

1983 ఫైనల్ ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఆ ఏడాది లీగ్ విజేత హల్ జట్టు ప్రత్యర్థి. ఫెదర్‌స్టన్ లీగ్ పట్టిక దిగువభాగంలో కొట్టుమిట్టాడుతూ వచ్చింది. అలన్ ఏగర్ శిక్షణలో, టెర్రీ హడ్సన్ నాయకత్వంలో ఆడిన జట్టులో డేవిడ్ హాబ్స్ రెండు ట్రైలు సాధించాడు. చివరి నిమిషాల్లో స్టీవ్ క్విన్ తన్నిన పెనాల్టీ గోల్‌తో 14-12 ఆధిక్యం దక్కింది. ఛాలెంజ్ కప్పు ఫైనల్ చరిత్రలో అనూహ్యమైన ఫలితాలలో దీనిని ఒకటిగా లెక్కిస్తారు.

ఈ విజయాల వెనుక మరో కథ సమాంతరంగా నడిచింది. డాన్ ఫాక్స్ సమీపంలోని షార్ల్‌స్టన్ అనే గని గ్రామానికి చెందినవాడు. 1953 నుంచి 1965 వరకు ఫెదర్‌స్టన్‌కు ఆడి 162 ట్రైలతో క్లబ్బు రికార్డు నెలకొల్పాడు. ఆ తరువాత వేక్‌ఫీల్డ్ ట్రినిటీకి బదిలీ అయ్యాడు. 1968 ఛాలెంజ్ కప్పు ఫైనల్‌లో, వర్షంతో నీళ్లు నిలిచిన మైదానంలో, ఆఖరి క్షణాన గోల్ స్తంభాల ఎదుట నుంచి తన్నిన సులభమైన కిక్ గురితప్పి వేక్‌ఫీల్డ్ 11-10తో లీడ్స్ చేతిలో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతడే. టెలివిజన్ పదే పదే చూపిన ఆ ఒక్క తప్పిదం వల్ల, పన్నెండేళ్ల నైపుణ్యం విస్తృత ప్రజానీకం జ్ఞాపకంలో మరుగునపడింది.

డాన్ ఫాక్స్ ఒక్కడే కాదు. స్టీవ్ నాష్ 1975లో సాల్ఫర్డ్‌కు వెళ్లాడు. 1973 జట్టు నాయకుడు జాన్ న్యూలవ్ కుమారుడు పాల్ న్యూలవ్ 1989లో 18 ఏళ్ల వయసులోనే గ్రేట్ బ్రిటన్ తరఫున ఆడాడు. 1993లో 2,45,000 పౌండ్లకు బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ అతడిని తీసుకుంది. చిన్న పట్టణం ఆటగాళ్లను తయారుచేయడం, పెద్ద క్లబ్బులు వారిని కొనుక్కోవడం ఒక స్థిరమైన క్రమంగా సాగింది. మనుషులను అమ్మి ఖాతాలు సరిచూసుకొనే ఈ పద్ధతి, ఊళ్లో కొత్త ఆటగాళ్లు తయారవుతున్నంత వరకే నడుస్తుంది.

7. సమ్మె, గని మూసివేత

వెంబ్లీ విజయం తరువాత ఏడాది తిరగకముందే, 1984 మార్చిలో, గనుల మూసివేతకు వ్యతిరేకంగా దేశవ్యాప్త సమ్మె మొదలైంది. ఏడాదిపాటు సాగి 1985 మార్చిలో కార్మికుల ఓటమితో ముగిసింది. సమ్మె కాలంలో గని ప్రాంతాల స్త్రీలు సహాయక బృందాలుగా ఏర్పడి వంటశాలలు నడిపారు, సభల్లో ప్రసంగించారు. 1956 నాటి అధ్యయనం గీసిన చిత్రం అసంపూర్ణమని ఇది నిరూపించింది.

1893లో కాల్పులు జరిగిన యాక్టన్ హాల్ గని 1985లో మూతపడింది. సమ్మె ముగిశాక ముందుగా మూసివేసిన గనులలో అదొకటి. దీనితో గని, క్లబ్బుల మధ్య ఎనభై ఏళ్లకు పైగా ఉన్న బంధం తెగిపోయింది. గని పోవడమంటే ఉపాధి పోవడం మాత్రమే కాదు. ఆటగాడి కుటుంబానికి వారం వారం వచ్చే జీతం, ప్రేక్షకుడి ప్రవేశ రుసుము, కుర్రవాళ్లను జట్టులోకి నడిపించిన పరిచయాలు అన్నీ ఒకేసారి బలహీనపడ్డాయి. పాల్ న్యూలవ్ బదిలీని ఈ నేపథ్యంలో చూడాలి.

8. 1995: శతాబ్దం తరువాత మళ్లీ అదే ప్రశ్న

1995 ఏప్రిల్‌లో రూపర్ట్ మర్డోక్ న్యూస్ కార్పొరేషన్‌తో రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ ఒప్పందం కుదుర్చుకుంది. ఐదేళ్లకు చివరికి ఖరారైన మొత్తం 8 కోట్ల 70 లక్షల పౌండ్లు. వేసవిలో ఆడే 'సూపర్ లీగ్' అనే కొత్త పోటీ కోసం ఇరుగుపొరుగు క్లబ్బులను విలీనం చేయాలని మొదట ప్రతిపాదించారు. ఫెదర్‌స్టన్, కాజిల్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్ క్లబ్బులను కలిపి 'కాల్డర్' అనే పేరుతో ఒకే క్లబ్బు చేయాలన్నది అందులో భాగం. కాల్డర్ అక్కడి నది పేరు. అభిమానుల తీవ్ర వ్యతిరేకత వల్ల విలీనాల ఆలోచన ఆగిపోయింది.

విలీనం ఆగినా ఫెదర్‌స్టన్‌కు కొత్త పోటీలో చోటు దక్కలేదు. అప్పటికి మొదటి డివిజన్‌లో ఆడుతున్న క్లబ్బు రెండవ శ్రేణికి పరిమితమైంది. లండన్, పారిస్ నగరాల జట్లకు స్థానం లభించింది. తరువాత కొన్నిసార్లు పై శ్రేణి గడప వరకు వెళ్లింది. 1998 ఫైనల్‌లో వేక్‌ఫీల్డ్ చేతిలో 24-22తో, 2021లో తులూజ్ చేతిలో 34-12తో ఓడి వెనుదిరిగింది.

1995 ఆగస్టు చివరిలో, అంటే హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి సరిగ్గా నూరేళ్లు నిండుతున్న వారంలో, రగ్బీ యూనియన్ కూడా ఔత్సాహిక నియమాన్ని రద్దు చేసి ఆటగాళ్లకు బహిరంగ ప్రతిఫలాన్ని అనుమతించింది. 1893లో 282 ఓట్లతో తిరస్కరించిన కోరిక, అంతకు ఎన్నో రెట్లు విస్తృతమైన రూపంలో నెగ్గింది. ఆటగాడి కాలానికి మూల్యం ఉండాలనడంలో ఇక వివాదం లేదు. ఆ మూల్యం చెల్లించే శక్తి మాత్రం శనివారం గట్టున నిలబడే ప్రేక్షకుడి చేతి నుంచి ప్రసార సంస్థ చేతికి మారింది. ఏ కోరిక కోసం ఈ ఆట ప్రత్యేకంగా పుట్టిందో ఆ కోరిక నెరవేరిన ఏడాదే, ఆ ఆటకు జీవం పోసిన పట్టణాలలో ఒకటి దాని పై శ్రేణికి వెలుపల మిగిలిపోయింది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

- రగ్బీ చీలికకు మూలమైన పనికోత పరిహార వివాదాన్నీ, అదే నెలలో ఫెదర్‌స్టన్‌లో జరిగిన వేతన పోరాటాన్నీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఔత్సాహిక క్రీడాదర్శం వర్గ తటస్థమైనది కాదని స్పష్టమవుతుంది.
- నార్తర్న్ యూనియన్ శ్రామికుడికి ఆడే అవకాశం కల్పించింది. అయితే 1898 నాటి ఉద్యోగ నిబంధన ద్వారా అతడిని శ్రామికుడిగానే నిలిపి ఉంచే ప్రయత్నమూ చేసింది.
- చిన్న పట్టణ క్లబ్బు పెద్ద నగరాలతో సమానంగా నిలవడానికి గని సముదాయపు సాంద్ర సంబంధాలు కారణం. గని మూతపడడంతో ఆ ఆధారం క్షీణించింది.
- ఆటగాళ్ల కాలాన్ని లెక్కించిన చరిత్ర, వారి ఇళ్లలోని స్త్రీల కాలాన్ని లెక్కించలేదు. ఈ దిశగా అధ్యయనాలు విస్తరించవలసి ఉంది.

విలీనాన్ని తిరస్కరించడం వల్ల ఫెదర్‌స్టన్‌కు ఆర్థికంగా ఒరిగిందేమీ లేదు. 'కాల్డర్' పేరుతో చేరి ఉంటే పై శ్రేణి ఆదాయంలో ఆ ఊరికీ ఒక వాటా దక్కి ఉండేదేమో. అయినా, గని పోయిన పదేళ్లకు, ఆ ఊరి పేరును దేశానికి వినిపించే సంస్థగా మిగిలింది ఆ క్లబ్బే. ఫెదర్‌స్టన్ అనే పేరు 1893లో కాల్పుల వల్ల దేశానికి తెలిసింది. 1967, 1973, 1983లలో ఆట వల్ల తెలిసింది. ఆ రెండవ గుర్తింపును వదులుకోవడానికి ఊరు ఇష్టపడకపోవడాన్ని స్థానికాభిమానంగా మాత్రమే కొట్టిపారేయడం చరిత్ర దృష్టికి సమంజసం కాదు.